మదర్‌బోర్డుకు పట్టిన చిలుము

1980ల చివరి నుంచి 1990ల నడిమి దాకా తయారైన 286, 386, 486 కంప్యూటర్ల మదర్‌బోర్డు మీద, కీబోర్డు తీగ వచ్చి తగులుకునే మూలకు దగ్గరగా ఒక చిన్న పీపా ఆకారపు బ్యాటరీ ఉంటుంది. పైన నీలం లేదా ఆకుపచ్చ ప్లాస్టిక్ తొడుగు, లోపల ఒకదాని మీద ఒకటి పేర్చిన మూడు బిళ్ల సెల్లులు, మొత్తం 3.6 వోల్టులు. మీట ఆపేసిన తర్వాత కూడా తేదీ, గంట, హార్డ్ డిస్క్ వివరాలు చెరిగిపోకుండా చూడడం దాని పని. పెట్టెను మూలన పడేసి కొన్నేళ్లు గడిస్తే ఆ బ్యాటరీయే కారి, తాను కాపాడాల్సిన బోర్డును తినేస్తుంది. గుంటూరు, ప్రకాశం మైదానంలో మిర్చి కమీషన్ కొట్లు, జిన్నింగ్ మిల్లులు, పొగాకు కంపెనీలు, ఇంజనీరింగ్ కాలేజీలు కొన్న తొలి తరం కంప్యూటర్లలో ఏదైనా అటక మీద ఇంకా మిగిలి ఉంటే, దించగానే మొదట చూడాల్సింది ఆ మూలనే.

అంతకుముందు వచ్చిన పీసీలకు ఈ బెడద లేదు. 1981లో ఐబీఎం అమ్మిన పీసీకి గానీ, 1983 నాటి ఎక్స్‌టీకి గానీ సొంత గడియారమే లేదు. మీట వేసిన ప్రతిసారీ డాస్ తేదీ, టైము అడిగేది. ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కితే ఆ రోజు 1980 జనవరి 1 అయిపోయేది. కావాలనుకున్నవాళ్లు గడియారం ఉన్న కార్డును విడిగా కొని బిగించుకునేవారు. 1984 ఆగస్టులో వచ్చిన ఐబీఎం ఏటీతో గడియారం బోర్డు మీదికే ఎక్కింది. మోటరోలా ఎంసీ146818 అనే చిప్పు, దాని పక్కన సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ స్ఫటికం. ఆ సంఖ్యను పదిహేనుసార్లు సగం చేస్తే ఒకటి మిగులుతుంది. సెకను పుట్టేది అలాగే. చిప్పులో ఉన్న 64 బైట్లలో 14 గడియారానికి పోగా మిగిలిన 50 బైట్లలో ఏ ఫ్లాపీ, ఎంత మెమరీ, ఏ రకం హార్డ్ డిస్క్ అన్న సెట్టింగులు దాచేవారు. కరెంటు లేనప్పుడు ఈ కాస్త జ్ఞాపకాన్ని నిలబెట్టడానికి ఐబీఎం లిథియం బ్యాటరీ పెట్టింది. ఏటీకి నకళ్లు తీసిన బోర్డు తయారీదారులు మాత్రం ఎక్కువగా నికెల్-కాడ్మియం బ్యాటరీనే ఎంచుకున్నారు. అది చవక. కంప్యూటర్ నడుస్తున్నంతసేపూ తనంతట తాను చార్జ్ అవుతుంది కాబట్టి మార్చే పని ఉండదని దాన్ని నేరుగా బోర్డుకే టంకం పెట్టేశారు. ఐదారేళ్లు వాడి పారేసే యంత్రానికి అది తెలివైన లెక్కే. ముప్పై ఏళ్ల తర్వాత ఎవరో మూత విప్పి చూస్తారన్నది ఆ లెక్కలో లేదు.

నికెల్-కాడ్మియం బ్యాటరీ కంప్యూటర్ కంటే చాలా పాతది. స్వీడన్‌కు చెందిన వాల్డెమార్ యుంగ్నర్ 1899లో దాన్ని కనిపెట్టాడు. సీసం, గంధకామ్లం బదులు నికెల్, కాడ్మియం పలకలు, వాటి మధ్య పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం, అంటే గాఢమైన క్షారం. లోపల పుట్టే వాయువు లోపలే కలిసిపోయేలా సెల్లును పూర్తిగా మూసేసే పద్ధతి 1947లో నాయ్‌మన్ అనే పరిశోధకుడి చేతిలో కుదిరింది. బోర్డుల మీద కూర్చున్న వాటిలో చాలా వాటి మీద కనిపించే పేరు జర్మన్ కంపెనీ వార్తాది. తెలుగు నేలకూ ఈ రసాయనంతో చుట్టరికం ఉంది. 1977లో మొదలైన హైదరాబాద్ బ్యాటరీస్, అంటే నేటి హెచ్‌బీఎల్, యుంగ్నర్ వారసత్వంగా వచ్చిన స్వీడన్ నైఫ్ సంస్థతో కలిసి నికెల్-కాడ్మియం బ్యాటరీలు చేసింది. అయితే అవి పరిశ్రమలకు పనికొచ్చే పెద్దవి. మదర్‌బోర్డు మీది చిటికెడు బ్యాటరీ మాత్రం బోర్డుతోపాటే విదేశాల నుంచి దిగేది.

గుంటూరు, ప్రకాశం మైదానానికి కంప్యూటర్ రావడానికి 1984 నవంబరులో కేంద్రం ప్రకటించిన కొత్త కంప్యూటర్ విధానం దారి తీసింది. 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్లాక హైదరాబాద్ ఈసీఐఎల్ యంత్రాల వంటివి పెద్ద సంస్థలకే అందేవి. దిగుమతి సుంకాలు తగ్గి, హెచ్‌సీఎల్, విప్రో, జెనిత్ వంటి కంపెనీలు పీసీలు బిగించడం మొదలుపెట్టాకే అవి జిల్లా కేంద్రాలకు చేరాయి. అదే రోజుల్లో కేంద్రం 'క్లాస్' పథకం కింద కొన్ని బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. వాటిలో గడియారమూ లేదు, బ్యాటరీ కూడా లేదు. అందువల్ల పాత వస్తువుల ప్రియులకు ఒక విడ్డూరం ఎదురవుతుంది. 1985 నాటి బడి కంప్యూటర్ బోర్డు శుభ్రంగా దొరుకుతుంది, 1991లో అంతకు ఎన్నో రెట్లు ఖరీదు పెట్టి కొన్న 386 బోర్డు పచ్చగా పుచ్చిపోయి కనిపిస్తుంది.

1980ల చివరికి జిల్లా కేంద్రాలన్నీ కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ ఉపగ్రహ నెట్‌వర్కులో చేరాయి, కలెక్టరేట్లలో కంప్యూటర్ గది వెలిసింది. బాపట్ల ఇంజనీరింగ్ కాలేజీ 1981లో, చౌడవరంలోని ఆర్‌వీఆర్ అండ్ జేసీ కాలేజీ 1985లో మొదలయ్యాయి. నాగార్జున విశ్వవిద్యాలయం అప్పటికే, 1976 నుంచి ఉంది. చదువు సంగతి అలా ఉంచితే, ఈ ప్రాంతపు వ్యాపారమే లెక్కల మయం. పొగాకు బోర్డు 1976 నుంచి గుంటూరులోనే ఉంది, రాష్ట్రంలో దాని వేలం కేంద్రాలు 1985లో మొదలయ్యాయి. చిలకలూరిపేట పక్కన గణపవరం చుట్టూ జిన్నింగ్, స్పిన్నింగ్ మిల్లులు, చీమకుర్తిలో గ్రానైట్ ఎగుమతులు, గుంటూరులో మిర్చి యార్డు. బ్రాడీపేట, అరండల్‌పేట వీధుల్లో టైపు ఇన్‌స్టిట్యూట్ల పక్కనే కంప్యూటర్ కోర్సుల బోర్డులు లేచాయి. వర్డ్‌స్టార్, లోటస్ 1-2-3, డీబేస్ నేర్పేవారు. 1986లో బెంగళూరులో పుట్టిన ట్యాలీ తర్వాతి దశాబ్దంలో కొట్ల లెక్కల్లోకి దిగింది. కంప్యూటర్ గదికి ఏసీ, తలుపు బయట చెప్పులు విడవాలన్న కట్టడి, స్టెబిలైజర్, యూపీఎస్, పని అయిపోగానే పెట్టె మీద కప్పే గుడ్డ. ఇంత మర్యాద జరిగిన వస్తువును లోపలి నుంచి కొరికే పురుగు ఒకటి ఉందని అప్పట్లో ఎవరికీ పట్టలేదు.

వ్యాపారికి ఆ బ్యాటరీ విలువ తెలిసేది అది చచ్చినప్పుడే. మిర్చి టిక్కీలు (బస్తాలు) తూకమయ్యాక రైతు చేతికిచ్చే తక్‌పట్టీ (అమ్మకపు చీటీ) మీద తేదీ ఉండాలి. చిఠా, ఆవర్జా తేదీల వరసలోనే నడుస్తాయి. అరువు మీద వడ్డీ కట్టేదీ రోజుల లెక్కనే. బ్యాటరీ చేవ తగ్గిన కంప్యూటర్ పొద్దున్నే మీట వేయగానే సీమాస్ బ్యాటరీ, అంటే ఈ పీపాయే, బలహీనపడిందని ఒక వరస చూపి, ఎఫ్‌1 నొక్కమని ఆగిపోయేది. తేదీ 1980కి వెనక్కి జారేది. అంతకంటే పెద్ద ఇబ్బంది హార్డ్ డిస్క్‌తో వచ్చేది. అప్పటి యంత్రానికి డిస్క్ రకాన్ని అంకెల్లో చెప్పాలి. 20 మెగాబైట్ల సీగేట్ ఎస్‌టీ-225 అయితే 615 సిలిండర్లు, 4 హెడ్లు, 17 సెక్టార్లు. ఆ అంకెలు మరిచిపోయిన బోర్డుకు డిస్క్ ఉన్నట్టే తెలియదు. లెక్కలన్నీ భద్రంగా లోపలే ఉన్నా కొట్టు యజమానికి మాత్రం అన్నీ పోయినట్టే. అందుకే సర్వీసుకు వచ్చే కుర్రాళ్లు ఈ అంకెలను క్యాబినెట్ లోపలి రేకు మీద మార్కర్‌తో రాసిపెట్టేవారు. పాత పెట్టెల మూత తీస్తే కొన్నిటిలో ఇప్పటికీ ఆ రాత కనబడుతుంది. ఇది మంచి అలవాటు.

బ్యాటరీ ఎందుకు కారుతుందన్నది రసాయనం కంటే వాడకానికి సంబంధించిన విషయం. రోజూ నడిచే కంప్యూటర్లో అది చార్జ్ అవుతూ చాలా ఏళ్లు బాగానే ఉంటుంది. వాడకం ఆగితే తనలో ఉన్నది తానే ఖర్చు పెట్టుకుంటుంది, గడియారం చిప్పు కూడా కొంత లాగుతుంది. మూడు సెల్లుల్లో బలహీనమైనది ముందు ఖాళీ అవుతుంది, మిగతా రెండూ దానిలోకి ఎదురు కరెంటు నెడతాయి. లోపల వాయువు పుట్టి ఒత్తిడి పెరుగుతుంది. సెల్లు మూతికి వేసిన ప్లాస్టిక్ సీలు ఏళ్ల తరబడి వేడికి గట్టిపడి బీట తీస్తుంది. క్షారానికి లోహం అంచు పట్టుకుని పాకే గుణం ఉంది, సీలు బాగున్నా కొంత పైకి వస్తూనే ఉంటుంది.

వేడి, ఖాళీ కాలం రెండూ ఈ మైదానంలో ఒకేసారి వస్తాయి. మాఘం నుంచి వైశాఖం దాకా ఊపిరి సలపని మిర్చి యార్డుకు ఏటా మే, జూన్ నెలల మధ్య దాదాపు నెల రోజులు వేసవి సెలవులు. కమీషన్ కొట్లు మూతపడతాయి, ఏసీలు ఆగుతాయి. రెంటచింతల పేరు పేపర్లకెక్కే రోజులు అవే. మూసిన గదిలో వేడికి సెల్లులో చార్జ్ మామూలు కంటే వేగంగా తరిగిపోతుంది. ఇక పాతబడిన పెట్టెను అమ్మడానికి మనసొప్పక రేకుల గోడౌన్‌లోకో అటక మీదికో చేర్చాక దానికి చార్జ్ అన్న మాటే లేదు. చీరాల, నిజాంపట్నం వైపు సముద్రపు ఉప్పుగాలి కూడా తోడవుతుంది. బతికి బయటపడ్డ బోర్డులు రెండు రకాలు: చివరిదాకా ఎవరో ఒకరు వాడుతూ వచ్చినవి, మూల పెట్టేముందు ఎవరో బ్యాటరీ కోసి తీసేసినవి.

కారిన బోర్డును దగ్గరగా చూస్తే నష్టం మెట్లు మెట్లుగా కనబడుతుంది. బ్యాటరీ కొసల దగ్గర తెల్లటి పొడి, క్షారం గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి గట్టిపడిన పొటాషియం కార్బొనేట్. దాని అంచున రాగి గీతలు తమ మెరుపు పోగొట్టుకుని నల్లబడతాయి, ఆ పైన పచ్చటి, నీలి చిలుము. బోర్డు మీది ఆకుపచ్చ పూత కింద నుంచి ద్రవం పాకుతుంది కాబట్టి పైకి బాగున్నట్టు కనిపించే చోట కూడా గోరుతో గీరితే పూత పొరలా లేచి వస్తుంది, కింద రాగి ఉండదు. బోర్డులో ఒక పొర నుంచి మరో పొరకు కరెంటును చేర్చే సన్నటి రంధ్రాలలో లోపలి పూత ముందుగా పోతుంది. కీబోర్డును నడిపే 8042 చిప్పు తరచుగా ఈ బ్యాటరీకి పొరుగునే ఉంటుంది. దాని సాకెట్టు కాళ్లు పచ్చబడితే కంప్యూటర్ లేచినా కీబోర్డు పలకదు. నిలువు క్యాబినెట్లలో కారినది బరువుకు కిందికి జారి కార్డుల స్లాట్లలోకి దిగుతుంది. బల్ల మీద పడుకోబెట్టే పాత పెట్టెల్లో మాత్రం బ్యాటరీ చుట్టూ మడుగులా ఆగుతుంది. ఆ పెట్టెలే కొంత నయం.

1990ల్లో గుంటూరు, ఒంగోలు మెకానిక్కులు ఈ జబ్బుకు చేసిన వైద్యం మొరటుదే కానీ పనిచేసింది. కటింగ్ ప్లయర్‌తో పీపాను కోసేసేవారు. చాలా బోర్డుల మీద బయటి బ్యాటరీ కోసం నాలుగు పిన్నుల చోటు విడిచిపెట్టి ఉంటుంది. రేడియో షాపులో దొరికే పెన్ సెల్లుల డబ్బాకు తీగలు అతికి, మూడు సెల్లులు వేసి, దాన్ని క్యాబినెట్ గోడకు టేపుతో అంటించి ఆ పిన్నులకు తగిలిస్తే 4.5 వోల్టులతో గడియారం నడిచేది. ట్రాన్సిస్టర్ రేడియో, బ్యాటరీ లైటు ప్రతి ఇంట్లో ఉన్న చోట పెన్ సెల్లుకు కరువు లేదు, నెల్లూరులో తయారయ్యే నిప్పో ఏ కిళ్లీ కొట్లోనైనా ఉండేది. ఏడాదికో రెండేళ్లకో సెల్లులు మారిస్తే చాలు. అవి కారినా బోర్డుకు దూరంగా, డబ్బాలోనే కారతాయి. చూడడానికి అతుకుల బొంతలా ఉన్నా, బ్యాటరీని బోర్డుకే టంకం పెట్టిన కంపెనీ ఇంజనీర్ల పద్ధతి కంటే ఇదే మేలైన పద్ధతి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచో మద్రాసు రిచీ స్ట్రీట్ నుంచో చవకగా కొత్త బోర్డు తెచ్చుకునే వీలు కలిగాక మాత్రం మరమ్మతు ఓపిక తగ్గిపోయింది.

ఇప్పుడు అలాంటి బోర్డును బతికించాలంటే తొందరపాటు పనికిరాదు. బ్యాటరీ తీయడం మొదటి పని, కొత్తది పెట్టడం చివరి పని, అసలు కష్టమంతా మధ్యలో ఉంది. కాళ్లు కోసి బ్యాటరీని విడదీశాక కారిన క్షారాన్ని చంపాలి. ఇక్కడ ఈ ప్రాంతంలో ఒక పొరపాటు సులువుగా జరుగుతుంది. పల్లెలో బ్యాటరీ అంటే ట్రాక్టర్‌దీ లారీదీ, దానిలో ఉండేది యాసిడ్. యాసిడ్ చిందితే వంటసోడా చల్లాలని ఎవరినడిగినా చెబుతారు. నికెల్-కాడ్మియం విషయంలో అది తలకిందుల వైద్యం. కారినదే క్షారం, దాని మీద మరో క్షారం వేస్తే ఒరిగేది లేదు. కావాల్సింది బలహీనమైన ఆమ్లం: వెనిగర్, లేకపోతే నిమ్మరసం. పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే కాస్త నురగ వచ్చి, చింతపండుతో తోమిన రాగి చెంబులా చిలుము వదులుతుంది. ఆ తర్వాత ఆమ్లం కూడా మిగలకూడదు, మిగిలితే అదీ రాగిని తింటుంది. కడగడానికి బోరు నీళ్లు వద్దు. కనిగిరి, దర్శి వైపు ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే, మిగతా చోట్ల కూడా ఉప్పు, సున్నం ఎక్కువ. ఆరాక ఆ లవణాలే కాళ్ల మధ్య తెల్లటి మరకగా మిగులుతాయి. ట్రాక్టర్ స్పేర్ పార్టుల కొట్లో బ్యాటరీలో పోయడానికి అమ్మే డిస్టిల్డ్ వాటర్ సరిగ్గా సరిపోతుంది. చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఒకటి రెండు రోజులు ఆరనివ్వాలి. కాడ్మియం విషలోహం కాబట్టి ఈ పనంతా చేతి తొడుగులతో, కిటికీలు తీసిపెట్టి చేయాలి. పొడిని నోటితో ఊదకూడదు.

ఆరిన తర్వాత మల్టీమీటర్ పని. నల్లబడిన ప్రతి గీతనూ ఒక కొస నుంచి రెండో కొసకు మీటర్‌తో చూసుకోవాలి. చిలుము పట్టిన రాగికి టంకం అంటదు, ఎంత వేడి పెట్టినా పూసలా దొర్లిపోతుంది. అందుకే పుచ్చిన పూతను బ్లేడుతో గీకి, కింద ఎర్రటి రాగి మెరిసేదాకా శుభ్రం చేసి, ఫ్లక్స్ రాసి పల్చగా టంకం పూయాలి. గీత తెగిపోయిన చోట వెంట్రుకంత తీగతో ఒక కాలు నుంచి మరో కాలికి వంతెన వేస్తారు. పచ్చబడిన సాకెట్లు, కీబోర్డు కనెక్టర్ మార్చేయడమే మంచిది. లోపలి నుంచి పుచ్చిన సాకెట్టు ఈరోజు పలికి రేపు మొరాయిస్తుంది.

కొత్త బ్యాటరీ ఎంపికలో ఒక్క ప్రమాదం ఉంది. పాత బ్యాటరీకి బోర్డు చార్జ్ ఎక్కించేది, ఆ సర్క్యూట్ ఇప్పటికీ అక్కడే ఉంటుంది. చార్జ్ చేయకూడని సీఆర్2032 లిథియం బిళ్లను అదే చోట తిన్నగా అతికితే కంప్యూటర్ నడిచినంతసేపూ దానిలోకి కరెంటు ఎక్కుతూ ఉంటుంది. బిళ్ల ఉబ్బవచ్చు, పగలవచ్చు. మధ్యలో ఒక డయోడ్ వేస్తే కరెంటు ఒక్క దిక్కునే పోతుంది. సాధారణ సిలికాన్ డయోడ్ దాదాపు 0.6 వోల్టులు మింగేయడం వల్ల 3 వోల్టుల బిళ్ల నుంచి బోర్డుకు చేరేది 2.4 మాత్రమే, కొన్ని బోర్డుల గడియారానికి అది చాలదు. అలాంటప్పుడు తక్కువ వోల్టు మింగే షాట్కీ డయోడ్ వాడతారు, లేదా పాత మెకానిక్కుల మూడు పెన్ సెల్లుల డబ్బాకే తిరిగి వెళతారు. అచ్చం పాతదానిలాగే కనిపించాలనుకునేవారు అదే కొలతల నికెల్ మెటల్ హైడ్రైడ్ పీపా వేస్తారు. దానికి చార్జింగ్ సర్క్యూట్ సరిపోతుంది, కానీ అదీ క్షారంతో నిండినదే. మూల పెట్టిన కొన్నేళ్లకు అదే కథ మళ్లీ మొదలవుతుంది.

పీపా బ్యాటరీల కాలం 1990ల నడుమ ముగిసింది. కొన్ని బోర్డులు అప్పటికే డాలస్ కంపెనీ చిప్పుకు మారాయి. గడియారం, స్ఫటికం, లిథియం సెల్లు మూడింటినీ నల్లటి దిమ్మెలో పోతపోసిన చిప్పు అది. కారడం లేదు, కానీ పదేళ్లకు సెల్లు చచ్చాక దిమ్మెను కోస్తే తప్ప మార్చడానికి దారి ఉండదు. పెంటియం బోర్డులతో పట్టులో దూర్చే సీఆర్2032 బిళ్ల మామూలైపోయింది. 1998 నవంబరులో ఉమ్మడి రాష్ట్రంలోని 200కు పైగా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో కార్డ్ పథకం కింద దస్తావేజుల నమోదు కంప్యూటర్ మీదికి ఎక్కే నాటికి ఈ మార్పు దాదాపు పూర్తయింది. దస్తావేజుకు తేదీయే ప్రాణం కాబట్టి, బిళ్ల వేలితో తీసి మార్చే వీలుండడం చిన్న విషయం కాదు. ఆ మరుసటి ఏడాదే రెండు వేల సంవత్సరపు గొడవ వచ్చింది. సంవత్సరాన్ని రెండంకెల్లో దాచే పాత గడియారాల్లో కొన్ని అర్ధరాత్రి దాటగానే బ్యాటరీ బాగున్నా 1980లోకి వెళ్లిపోతాయని తేలి, మిగిలి ఉన్న 286, 386లలో చాలావాటిని ఆఫీసులు ఆ సాకుతోనే వదిలించుకున్నాయి.

అలా వదిలిన వాటిలో చాలా భాగం పాత ఇనుప సామాన్ల కొట్లకు చేరి, రాగి, అల్యూమినియం, బంగారు పూత కాళ్ల కోసం విరిగిపోయాయి. బ్యాటరీలు చెత్తలో కలిశాయి. 2001లో దేశంలో వచ్చిన బ్యాటరీల నిబంధనలు సీసం బ్యాటరీలకే పరిమితం కావడంతో నికెల్-కాడ్మియం వాటి పరిధిలోకి రాలేదు. ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనలు 2012 మే నుంచి అమల్లోకి వచ్చాయి. చిన్నా పెద్దా తేడా లేకుండా అన్ని రకాల బ్యాటరీలనూ తిరిగి సేకరించే బాధ్యతను తయారీదారుల మీద పెట్టింది 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు. కోసి తీసిన పీపాను ఈ రోజు చెత్తబుట్టలో వేయకూడదు. కొసలకు టేపు చుట్టి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, అనుమతి ఉన్న ఈ-వేస్ట్ సేకరణ కేంద్రానికి ఇవ్వాలి.